తెర మీద జగపతి

ఆ పేరును మొదట చూసింది అరుంధతి. పైకి చదివింది కూడా ఆమే.

1988 ఎండాకాలం. జనగామ స్టేషన్ రోడ్డులో మందుల దుకాణం పై అంతస్తులో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. ఆ ఉదయమే అక్కడికి ఒక కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదులో ఒక కంపెనీ మూతపడుతుంటే, గోదాములో మిగిలిపోయిన పెట్టెల్లోంచి ఒకటి తెప్పించుకుంది. కంపెనీవాళ్ళే అన్నీ బిగించి సిద్ధం చేసిన మిషను. తీగలు కలిపి స్విచ్చి వేయడమే తరువాయి. ఆ పనికి ఉపేందర్ వచ్చాడు. మార్కెట్టు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టు అతనిది. అరుంధతి అన్నకు చిన్ననాటి జతగాడు కాబట్టి ఆమెకూ అన్నలాంటివాడే.

కొత్త మిషనుకు బొట్టు పెట్టాలని అరుంధతి తల్లి కమలాదేవి పసుపు కుంకుమల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి, ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని నిలబడింది.

ఉపేందర్ స్విచ్చి వేశాడు. లోపల చిన్న పంకా తిరిగింది. తెర కాసేపు నల్లగానే ఉంది. ఒక్క కూత వినిపించి, ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాలు లేచాయి. పైన కంపెనీ పేరు. దాని కింద ఒక్క మాట.

"జె, ఎ, జి..." అని మొదలుపెట్టిన అరుంధతి మధ్యలో ఆగిపోయింది. తర్వాత చాలా మెల్లగా, "జగపతి," అంది.

అక్షరాలు రెండు క్షణాలు నిలిచి మాయమయ్యాయి.

"ఏమన్నవు బిడ్డా?" అంది కమలాదేవి.

"ఏం లేదమ్మా. కంపెనోళ్లు ఏదో రాసిన్రు."

"నేనిన్న. మల్ల పెట్టు, ఉపేందర్. జర మల్ల పెట్టు."

అతను స్విచ్చి ఆపి మళ్ళీ వేశాడు. పేరు మళ్ళీ వచ్చింది. కమలాదేవికి ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఆ అక్షరాల వరుస ఆమెకు తెలుసు. ఇంట్లో అటక మీద ఉన్న రేకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో అదే వరుస ఉంది. వరంగల్లు చదువుకు పోతూ కొడుకు తన చేత్తో రాసుకున్న పేరు.

పంతొమ్మిదేళ్ళ క్రితం, తెలంగాణ ఉద్యమం నాడు, ఆ కొడుకు ఒక ఊరేగింపుకు పోయి తిరిగి రాలేదు. శవం దొరకలేదు. ఉత్తరం రాలేదు. వాడు బతికే ఉన్నాడని కమలాదేవి, ఏమో ఉన్నాడేమోనని అరుంధతి అనుకుంటూ వచ్చారు.

జగపతి చచ్చిపోయాడని ఆ గదిలో తెలిసిన మనిషి ఉపేందర్ ఒక్కడే. అతన్ని మట్టిలో పెట్టిన చేతుల్లో రెండు తనవే.

*

అప్పుడు ఇద్దరికీ పద్దెనిమిదేళ్ళు. వరంగల్లులో ఒకే హాస్టలు, ఒకే గది. ఊళ్ళో బోనాలున్నాయి, ఇంటికి పోతానని జగపతి సంచి సర్దుకున్నాడు. "ఒక్క రోజు ఆగు, రేపు ఇద్దరం కలిసి పోదాం, ఇయ్యాల ఊరేగింపుంది," అని సంచి లాక్కుని మంచం కిందికి తోసింది ఉపేందర్. ఆ మధ్యాహ్నం రాళ్ళు పడ్డాయి, పొగ కమ్మింది, తుపాకులు పేలాయి. ఒక తూటా జగపతి కడుపులో దిగింది.

దవాఖానకు పోతే పోలీసులు పట్టుకుంటారని అందరూ అన్నారు. హాస్టలులో వాళ్ళతో చదివే అమర్‌సింగ్‌ది కొత్తగూడ అడవిలో లంబాడీ తండా. అతను, ఉపేందర్ కలిసి జగపతిని గూడ్సు బండిలో మహబూబాబాద్ దాకా, అక్కడి నుంచి ఎడ్లబండి మీద అడవిలోకి తీసుకుపోయారు. అమర్‌సింగ్ తల్లి గంగి ఆకులు నూరి కట్టింది. మూడో రోజు పొద్దెక్కాక జగపతి పోయాడు. సంగతి బయటికి పొక్కితే పోలీసులు తండాను బతకనివ్వరని పెద్దమనుషులు భయపడ్డారు. పోడు చేను గట్టున గుంట తీశారు. ఎవరికీ చెప్పబోమని గంగి చేతిలో చెయ్యి వేసి ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు.

నాలుగు నెలలు దాక్కుని ఉపేందర్ ఊరికి వచ్చేసరికి, కమలాదేవి వాకిట్లోనే ఎదురైంది. "వాడేడి?" అని అడిగింది.

"తెల్వది పెద్దమ్మ. ఉరుకుడుల తప్పిపోయిండు," అన్నాడు.

అది తండా కోసం ఆడిన అబద్ధం. రెండేళ్ళకు ఉద్యమం చల్లబడింది, కేసులు ఎత్తేశారు, తండాకు ఏ భయమూ లేకుండా పోయింది. అయినా అబద్ధం అలాగే ఉంది. అప్పటికి ఎవరో జగపతిని భీవండిలో, మగ్గాల మిల్లుల దగ్గర చూశామన్నారు. అరుంధతి తండ్రి, "నీకు హిందీ వస్తది గద, తోడు రా," అని ఉపేందర్‌ను వెంటబెట్టుకుని పోయాడు. పదకొండు రోజులు. ప్రతి సందులో, ప్రతి మిల్లు గేటు ముందు ఆ పెద్దాయన కొడుకు ఫోటో చూపించాడు, పక్కన నిలబడి ఉపేందర్ హిందీలో అడిగాడు. తాను మట్టి కప్పిన మొహాన్ని తానే ఊరుగాని ఊళ్ళో వెతికాడు. ఆ పెద్దాయన అక్కడినుంచి వచ్చాక మనిషి నిలబడలేదు. ఆరేళ్ళకు పోయాడు.

జగపతి మాత్రం ఉపేందర్‌ను వదిలిపెట్టలేదు. కొట్లో ఏ టీవీ స్విచ్చి వేసినా బొమ్మ వచ్చేలోపు తెర కొంచెంసేపు నల్లగా ఉంటుంది కదా, ఆ నల్లదనంలో తన మొహం వెనక ఇంకో మొహం ఉన్నట్టుండేది. నుదురు, తడిసిన జుట్టు, ఎండిపోయిన పెదవులు. తిరిగి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. అందుకే టీవీ పెట్టేటప్పుడు మొహం పక్కకు తిప్పుకోవడం అతనికి అలవాటైంది. పని బల్ల మూలన ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి మూతపెట్టి ఉంచేవాడు. వాటిని తాను తాగడు, ఎవరినీ తాగనివ్వడు. సాయంత్రం పారబోసి, పొద్దున మళ్ళీ నింపేవాడు. కొట్టుకు వచ్చేవాళ్ళు అదేదో మొక్కు అనుకునేవారు.

ఇన్నాళ్ళూ మొహం ఒక్కటే కనిపించింది. ఇప్పుడు పేరు కూడా వచ్చింది, అందరి కళ్ళముందు.

*

మరునాటి నుంచి కమలాదేవి రోజూ రావడం మొదలుపెట్టింది. పిల్లలు టైపు నేర్చుకోవడానికి వచ్చేలోపే వచ్చి, కంప్యూటర్ ముందు పీట వేయించుకుని కూర్చునేది. కూత వినగానే ముందుకు వంగేది. పేరు వచ్చి పోయేది. "ఇంకోసారి," అనేది. మూడోసారి తర్వాత అరుంధతి వద్దనేది.

పక్కింటి బుచ్చవ్వ కూడా వచ్చి చూసింది. "సచ్చినోళ్లు మిషన్ల రాస్తరా అక్కా? బతికున్నోడే రాసిండు," అని తేల్చేసింది. కమలాదేవికి ఆ మాట చాలు. వాడు రేడియోల చదువే కదా చదివింది, పట్నంలోనే ఏదో కంపెనీలో ఉన్నాడు, ఎందుకో అలిగాడు, నేరుగా రాయలేక ఇట్లా రాశాడు. పంతొమ్మిదేళ్ళుగా పెదవి విప్పని మనిషి ఇప్పుడు మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళతోనూ ఈ సంగతే చెబుతోంది. మొహానికి కళ వచ్చింది. అది చూడలేక ఉపేందర్ చిన్నగా ఏదో సాకు చెప్పి ఇన్‌స్టిట్యూట్ వైపు పోవడం మానేశాడు.

వారం తిరగకముందే అరుంధతి కబురు పెట్టింది. ఆమె కంప్యూటర్ కొన్నదే తెలుగు కోసం. తెరమీద తెలుగు అక్షరాలు చూపించే కార్డు ఒకటి వస్తుందని తెలిసి, వరంగల్లు ప్రెస్సు వాళ్ళ ద్వారా తెప్పించింది. ఉపేందర్ దాన్ని బోర్డు మీది గాడిలో బిగించాడు. ఏమీ జరగలేదు. కంపెనీ పేరు, జగపతి పేరు మామూలుగా వచ్చాయి. తెలుగు మాత్రం రాలేదు. కార్డును వేరే గాడిలోకి మార్చాడు, కొనలు తుడిచాడు. రెండు రోజులు తలపట్టుకున్నాక, కార్డుతో వచ్చిన చిన్న పుస్తకం చదివితే సంగతి అర్థమైంది.

"మిషను లేవంగనే దానికేం తెల్వదు," అని అరుంధతికి చెప్పాడు. "ముందుగాల ఏం చెయ్యాలె, ఏ ఏ కార్డులున్నయో ఎట్ల సూస్కోవాలె, గదంత గీ చిప్పుల రాసుంటది. కంపెనోళ్లు తమ సొంత చిప్పు పెట్టిన్రు. అది వాళ్ల కార్డుల్నే పలకరిస్తది, బయటోళ్లవి కనవడనట్టే పోతది. గీ బోర్డే బజార్ల విడిగ గూడ అమ్ముతరు. దానికొచ్చే అసలు చిప్పు తెచ్చి పెడితె తెలుగు వస్తది."

"మరి పేరు?" అంది అరుంధతి.

"పేరు గీ చిప్పులనే ఉన్నది. ఇది తీస్తె పోతది."

పీట మీద కూర్చున్న కమలాదేవి అంతా విన్నది. కోపం చేస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఆమె లేచి వచ్చి ఉపేందర్ భుజం పట్టుకుంది.

"చిప్పు కోసం పట్నం పోతవు గద. గా కంపెనీల అడుగు. రాసినోడు ఏడున్నడో అడుగు. వాన్ని ఏమనద్దు, కొట్లాడద్దు. అమ్మ ఒక్కసారి సూస్తనన్నదని చెప్పు. చాలు."

*

కంపెనీ తలుపుకు తాళం ఉంది. కాపలా మనిషి ఒక చిరునామా చెప్పాడు. సికింద్రాబాదులో ఒక ఇరుకు సందులో, ఆ కంపెనీలో బోర్డులు బిగించిన ప్రభాకర్ అనే అతను సొంత కొట్టు పెట్టుకున్నాడు. ఉపేందర్ చెప్పిన బోర్డు గుర్తు వినగానే నవ్వాడు.

"తైవాన్ బోర్డన్న అది. మంచి బోర్డు. దాని అసలు చిప్పు మేమే పీకి పారేసినం, ఓనర్ చెప్పిండని. వేరేటోళ్ల సామాన్లు నడవద్దు, అన్నీ మన దగ్గరే కొనాలె అన్నడు. ఆఖరికి ఆయన దగ్గర్నే ఎవరూ కొనలే." అరలో చెయ్యి పెట్టి, నల్ల స్పాంజి ముక్కకు గుచ్చిన చిప్పు ఒకటి తీశాడు. "విడి బోర్డులకు వచ్చేది గిదే. చిప్పు మీద గంటు పడ్డ దిక్కు సూస్కొని పెట్టు, ఉల్టా పెడితె కాలిపోతది."

ఉపేందర్ చిప్పును జేబులో వేసుకున్నాడు. కానీ కదల్లేదు.

"గా పేరు... జగపతి అని వస్తది గద. ఎవరు?"

"అదా! ఓనర్ కొడుకన్న. పెండ్లైన పన్నెండేండ్లకు పుట్టిండు. గా యేడు చేసిన మిషన్లన్నిట్ల వాని పేరే పెట్టిచ్చిండు. ఇప్పుడు మూడేండ్లుంటయేమో పిల్లగానికి. మస్తు అల్లరోడు."

ఉపేందర్‌కు ఎందుకో ఒక్కసారిగా ఒళ్ళంతా తేలికైంది. చచ్చినవాడు పిలవలేదు. ఎక్కడో ఒక తండ్రి మురిపెం, అంతే. సందు దాటి బస్టాండు దాకా ఆ తేలికలోనే నడిచాడు. బస్సు ఎక్కి కూర్చున్నాక మాత్రం, ఇంట్లో కమలాదేవి ఎదురుచూస్తోందన్నది గుర్తొచ్చింది. ఈ జగపతి వేరే అని చెబితే, ఆమె జగపతి ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. చెప్పకపోతే ఆమె బతికినంత కాలం పట్నం దారి చూస్తుంది. ఇంకో అబద్ధం సులువే. కంపెనీ వదిలి బొంబాయి పోయాడట పెద్దమ్మ అంటే చాలు. భువనగిరి దాటేలోపు ఆ మాటను మనసులో పది రకాలుగా అల్లాడు. ఆలేరు దగ్గర కిటికీ అద్దం మీద నీడ పడ్డప్పుడు తన మొహం వెనక తడిసిన జుట్టు కనిపించింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. జనగామ వచ్చేదాకా ఆ అద్దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

*

కమలాదేవి ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. అన్నం వండి మూతపెట్టింది. ఇంట్లో తల్లీ కూతురే; అల్లుడు చిట్యాలలో పంతులు, ఆదివారాలకు వస్తాడు.

"దొరికిండా?"

"లేదు పెద్దమ్మ. గా పేరు మనోనిది కాదు. కంపెనీ ఓనర్ కొడుకుది. మూడేండ్ల పిల్లగాడు."

ఆమె ఏడుస్తుందని అతను తల దించుకున్నాడు. ఆమె ఏడవలేదు. "గట్లనా," అని లేచి కంచంలో అన్నం పెట్టింది, పప్పు పోసింది. "తిను. పొద్దటి సంది తిన్నవో లేదో."

అతను కలిపాడు కానీ ముద్ద ఎత్తలేకపోయాడు. కమలాదేవి ఎదురుగా కూర్చుంది.

"ఉపేందర్, ఇన్నేండ్లల నిన్ను ఒక్కసారే అడిగిన, వాడేడి అని. మల్ల అడగలే. ఎందుకడగలేదో ఎరికేనా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"గప్పుడు నువ్వు నా కండ్లల్లకు సూడలే. మల్ల అడిగితె చెప్తవని భయమైంది. అందుకే అడగలే. ఇయ్యాల అడుగుతున్న. నా కొడుకేడి?"

ఉపేందర్ చెప్పాడు. మంచం కింద సంచి దగ్గరి నుంచి పోడు చేను గట్టు దాకా. అన్నం చేతికి ఎండిపోయింది. వంటింటి గుమ్మంలో అరుంధతి ఎప్పుడు వచ్చి నిలబడిందో అతను చూడలేదు.

కమలాదేవి అడిగినవి చిన్న చిన్న మాటలు. "నొప్పికి ఏడ్చిండా?"

"మొదటి రోజు. తర్వాత లేదు."

"నన్నడిగిండా?"

అవునని చెప్పగలిగితే బాగుండేది. "నీళ్లడిగిండు పెద్దమ్మ. నాకు ఇనవడ్డది గంతే."

"ఇచ్చిన్రా?"

"కడుపుల దెబ్బ తగిలినోనికి నీళ్లియ్యద్దన్నరు. దూదితోని పెదవులు తడిపినం. గ్లాసు నా చేతుల్నే ఉండె. అడిగిండు, అడిగిండు... నేనియ్యలే. ఎట్లయిన పోయేటోడే అని తెలిస్తె తాపేటోన్ని."

కమలాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాట్లాడింది అరుంధతి.

"బాపుతోని భీవండి పోయినవు గదన్నా."

ఉపేందర్ తలెత్తలేదు.

"పదకొండు రోజులు తిప్పినవు. కాళ్లు పొక్కులెక్కి వచ్చిండు. నేనే నూనె రాసిన. రాస్తుంటె ఏమన్నడో తెల్సా? 'ఉపేందర్ లేకుంటె గీ మాత్రం గూడ వెతక్కపోదును' అన్నడు." ఆమె గొంతు పెరగలేదు. "రేపు పొద్దుగాల వచ్చి గా చిప్పు మార్చు. తర్వాత నువ్వు మా గడప తొక్కద్దు."

*

పొద్దున అతను పోయేసరికి అరుంధతి అప్పుడే తాళం తీసి, కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పలకరించలేదు. అతను మిషను మూత విప్పి పక్కన పెట్టాడు. ఒంట్లో కరెంటు మిగిలితే చిప్పు పాడవుతుందని కిటికీ ఊచను కాసేపు పట్టుకున్నాడు. కంపెనీ చిప్పు బోర్డు మూలన ఉంది. దాని నడిమధ్యన ఉన్న గాజు కన్ను మీద, వెలుతురు పడకుండా, కంపెనీ గుర్తు అంటించారు. సన్న స్క్రూడ్రైవరు కొనను దాని కింద దూర్చి, ఇటు కొంచెం, అటు కొంచెం లేపాడు. పన్ను ఊడినట్టు వచ్చింది.

కొత్తదాన్ని గంటు దిక్కు చూసుకుని పెట్టి బొటనవేలితో నొక్కాడు. స్విచ్చి వేశాడు.

పంకా తిరిగింది. కూత లేదు. తెర నల్లగా ఉండిపోయింది.

ఆ నల్లటి అద్దంలో అతని మొహం, వెనక ఇంకో మొహం. ఆ కనుబొమలు, ఆ నుదురు. "జగ్గా..." అని గొణిగాడు ఉపేందర్. వెనక నిలబడింది అరుంధతి. అన్న పోలికలు ఆమెలో ఇంతగా ఉన్నాయని ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే బతికాడు.

"ఏమైంది?" అంది ఆమె.

"కాలు వంగింది," అన్నాడు. నిజమే, చిప్పు కాళ్ళలో ఒకటి రంధ్రంలో దిగకుండా కిందికి మడతపడింది. మళ్ళీ లేపి, పట్టుకారుతో దాన్ని తిన్నగా చేయసాగాడు. విరిగితే ఇంకోటి లేదు. అరుంధతి ముందుకు వచ్చి, వద్దనుకుంటూనే, బల్ల దీపాన్ని అతని చేతుల మీదికి వంచి పట్టుకుంది.

రెండోసారి కూత వచ్చింది. తెరమీద బోర్డు తయారుచేసినవాళ్ళ వరుస ఒకటి, అంకెలు కొన్ని. మనిషి పేరేదీ లేదు. ఆ తర్వాత కార్డు మేలుకుంది. అరుంధతి కూర్చుని మీటలు నొక్కింది. గుండ్రని తెలుగు అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి, కొంచెం వంకరగా, బడిలో కొత్తగా చేరిన పిల్లల రాతలా. ఏం రాస్తుందా అని ఉపేందర్ చూశాడు. ఆమె అచ్చులు మొత్తం వరుసగా కొట్టి, చెరిపేసి, "అయ్యింది గద," అంది.

మెట్ల మీద ఆయాసం వినిపించింది. కమలాదేవి వచ్చి పీట మీద కూర్చోలేదు. ఉపేందర్ పాత చిప్పును కాగితంలో చుట్టి ఆమె ముందు పట్టుకున్నాడు. "ఉంచుకుంటరా పెద్దమ్మ?"

"గది వేరే తల్లి కొడుకు పేరు బిడ్డా. నాకెందుకు?" అంది. "నన్ను నా కొడుకు దగ్గరికి తీస్కపో."

*

మహబూబాబాద్ దాకా ప్యాసింజర్ బండి, అక్కడి నుంచి బస్సు, కొత్తగూడ దాటాక నడక. అరుంధతి కూడా వచ్చింది, తల్లి కోసం. దారి పొడుగునా అతనికి పది అడుగులు ఎడంగా నడిచింది.

అమర్‌సింగ్ జుట్టు నెరిసింది. చదువు ఆ యేడే ఆపేసి సేద్యం చేసుకుంటున్నాడు. ఉపేందర్‌ను చూసి వెంటనే గుర్తుపట్టాడు, వెనక ఉన్న ముసలామెను చూసి ఎవరో కూడా అడగలేదు. "ఎప్పటికన్న వస్తరని మా యాడి చెప్తనే ఉంటది," అని తల్లిని పిలిచాడు. గంగికి చూపు మందగించింది. గుడిసెలోంచి చేతికర్రతో వచ్చి, గాజుల చెయ్యి చాచి, కమలాదేవి మొహం తడిమి చూసింది. తానే చేను వైపు ముందు నడిచింది.

పోడు చేను ఇప్పుడు మామూలు చేను అయిపోయింది. దుక్కి దున్ని వానకోసం చూస్తున్నారు. గట్టు పక్కన ఒక్క చోట మాత్రం నాగలి వంకర తిరిగిపోయిన గీతలున్నాయి. అక్కడ మోకాలెత్తు రాయి. దీపావళికి తమ పెద్దలకు పెట్టుకునేటప్పుడు ఇతనికీ ఒక ముద్ద పెడతామని అమర్‌సింగ్ చెప్పాడు.

కమలాదేవి రాయి పక్కన కూర్చుంది. చాలాకాలం తర్వాత కలిసిన కొడుక్కు చెప్పినట్టే ఇంటి కబుర్లు చెప్పింది. బాపు పోయిండు. చెల్లె పెండ్లయింది, సొంతంగ బడి పెట్టింది. నల్లావు ఈనింది, దాని బిడ్డ గూడ ఈనింది. బుచ్చవ్వకు మోకాళ్ళు పోయినయి. మధ్యలో ఒక్కసారి గొంతు పెంచింది. "బోనాలకు వస్తనని ఉత్తరం రాసి రాకపోతివి. గంత పెద్దోనివైనవా?" అని నేల మీద చేత్తో కొట్టింది. అప్పుడు ఏడ్చింది.

గంగి వచ్చి ఆమె పక్కన చతికిలబడింది. వచ్చీరాని తెలుగులో మాట్లాడింది. "గా ఆఖరి రాత్రి వీళ్లు బైట కావలున్నరు. నేను ఒక్కదాన్నే లోపట. జరమొచ్చింది పిల్లగానికి. అమ్మా, అమ్మా అన్నడు. నేను 'ఆఁ' అన్న. పిలిచినప్పుడల్ల 'ఆఁ' అన్న. తెల్లారేదాక పిలిచిండు. తెల్లారేదాక పలికిన."

ఉపేందర్‌కు ఆ సంగతి తెలియదు. పంతొమ్మిదేళ్ళు నీళ్ళ మాట ఒక్కటే విన్నాడు.

కమలాదేవి గంగి చేతిని రెండు చేతులతో పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. పొద్దు చెట్ల మీదికి వాలేదాకా ఆ ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. అరుంధతి ఒక్కసారి రాయి ముందు మోకరిల్లి, లేచి, దూరంగా పోయి నిలబడింది. ఉపేందర్‌ను ఎవరూ పిలవలేదు. అతను దున్నిన మట్టి తొక్కకుండా గట్టు చివరే ఉండిపోయాడు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మహబూబాబాద్ స్టేషన్‌లో బండి ఆలస్యమైంది. బెంచీ మీద కమలాదేవి కళ్ళు మూసుకుంది. అరుంధతి పట్టాలకేసి చూస్తూ అడిగింది.

"గా రోజు సంచి లాక్కోకపోతె వచ్చేటోడే గదా?"

"వచ్చేటోడే," అన్నాడు ఉపేందర్.

ఆమె తల ఊపింది. ఆ మాటకు బదులు ఒక అబద్ధమో, ఒక సర్దుబాటో వస్తుందని ఎదురుచూసి, అది రాకపోవడంతో చూపు అతని మీదికి తిప్పింది. ఆమె అతన్ని క్షమించలేదు, ఆ తర్వాత కూడా. కంప్యూటర్‌కు ఏ రిపేరు వచ్చినా వరంగల్లు నుంచి మనిషిని పిలిపించుకుంది. జగపతి కర్మలు చేసిన రోజున మాత్రం అతనికి కబురు పంపింది.

బండి వచ్చింది. జనం తోసుకుంటుంటే ఉపేందర్ కమలాదేవిని చెయ్యి పట్టి ఎక్కించాడు. ఒకే బల్ల మీద చోటు దొరికింది. కేసముద్రం దాటకముందే ఆమెకు నిద్రపట్టి తల అతని భుజం మీదికి ఒరిగింది. జనగామ దాకా అతను ఆ భుజం కదపలేదు.